ప్యాచ్‌లో ఖాళీలను ఎలా చదవాలి: ఓపెన్ సోర్స్ రివ్యూలో ఇండెంటేషన్ సంగతి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో రివ్యూ చేసే బాధ్యత తీసుకున్న కొద్ది రోజులకే ఇలాంటి పుల్ రిక్వెస్ట్ (మార్పును కలుపుకోమనే అభ్యర్థన) ఒకటి మీ ముందుకు వస్తుంది. శీర్షికలో ‘చిన్న సవరణ’ అని ఉంటుంది. తెరిచి చూస్తే 400 లైన్లు ఎర్రగా (తొలగినవి), 400 లైన్లు పచ్చగా (చేరినవి) కనిపిస్తాయి. నిజంగా మారినవి మూడే. తక్కినదంతా పంపినవారి ఎడిటర్ ఫైలును సేవ్ చేస్తూ తనకు నచ్చినట్టు సర్దిన ఫలితం.

దీన్ని చూసి విసుక్కుని ప్రతి లైను కిందా వ్యాఖ్య రాయడం మొదలుపెట్టకండి. కోడులోని ఖాళీలు రెండు రకాలు: ప్రోగ్రాం పనినే మార్చేవి, చూపుకు మాత్రమే తేడా చూపించేవి. రెండో రకాన్ని యంత్రానికి అప్పగించాలి. మొదటి రకాన్ని మాత్రం మీ కళ్లతో మీరే చదవాలి. చాలామంది రివ్యూయర్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. లైను చివరి స్పేసుల మీద పది వ్యాఖ్యలు రాసి, లూపు బయటికి జరిగిపోయిన రిటర్న్‌ను గమనించకుండా మెర్జ్ చేస్తారు (ప్రాజెక్టులో కలిపేస్తారు).

(కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో మామూలు అక్షరాల్లోనే టైపు చేయండి.)

1. మీ అభిరుచిని పక్కన పెట్టి, ప్రాజెక్టు నియమం వెతకండి

ట్యాబులా, స్పేసులా అన్న వాదనలో ఎవరి పిచ్చి వారికి ఆనందం. రివ్యూలో దానికి చోటు లేదు. ఆ ప్రాజెక్టులో ఏది చెల్లుతుందన్నదే ప్రశ్న.

లినక్స్ కెర్నెల్‌లో ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) ట్యాబుతో, ఒక్కో ట్యాబు 8 అక్షరాల వెడల్పుతో ఉంటుంది. మూడు మెట్ల కంటే లోతుగా వెళ్లాల్సి వస్తే ప్రోగ్రామునే సరిచేసుకోమని ఆ నియమావళి మొహమాటం లేకుండా చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టు కూడా ట్యాబులే వాడుతుంది, కానీ వెడల్పు 4. పైథాన్‌కు పెప్ 8 అనే శైలి నియమావళి ఉంది: 4 స్పేసులు, 79 అక్షరాల లైను. అయితే తన నియమం కంటే ఆ ప్రాజెక్టు లోపలి ఏకరూపతే ముఖ్యమని పెప్ 8 తానే ఒప్పుకుంటుంది. గో భాషలో గోఫ్మ్ట్ అనే పరికరమే కోడును ట్యాబులతో సర్ది పెడుతుంది కాబట్టి అక్కడ వాదించడానికే ఏమీ మిగల్లేదు. ఈ విషయంలో నాకు గో వాళ్లంటే కొంచెం అసూయ.

వెతకాల్సిన చోట్లు ఇవి: రిపాజిటరీ మొదటి స్థాయిలోని .ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు, కాంట్రిబ్యూటింగ్ పత్రం, కోడును సర్దే ఫార్మాటర్ సెట్టింగులు (సీ, సీ++ అయితే .క్లాంగ్-ఫార్మాట్, పైథాన్ అయితే పైప్రాజెక్ట్ ఫైలు). ఇవేవీ లేకపోతే మార్పు జరిగిన ఫైలునే నియమంగా తీసుకోండి. చుట్టుపక్కల లైన్లు ఎలా ఉన్నాయో కొత్త లైన్లూ అలాగే ఉండాలి. ఆ పద్ధతి మీకు నచ్చకపోయినా సరే.

నియమం ఎప్పటిదో కూడా చూసుకోండి. కెర్నెల్‌లో లైను 80 అక్షరాలు దాటితే చెక్‌ప్యాచ్ అనే తనిఖీ స్క్రిప్టు హెచ్చరించేది. 2020లో ఆ హద్దును 100కు పెంచారు. ఇప్పటికీ 80 లోపు ఉంటేనే మేలని నియమావళి చెబుతుంది కానీ, 85వ అక్షరం దగ్గర లైనును బలవంతంగా విరిచి చదవలేకుండా చేయమని ఎవరూ అడగడం లేదు. పాత నియమం పట్టుకుని కొత్తవారిని వెనక్కి పంపితే తప్పు మీదే అవుతుంది.

2. మార్పును రెండుసార్లు చదవండి: ఒకసారి ఖాళీలు దాచి, ఒకసారి చూపించి

అసలు పని ఇక్కడే ఉంది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

మొదటి చదువుకు గిట్ డిఫ్ (మార్పులను చూపించే కమాండు) -డబ్ల్యూ ఆప్షన్‌తో వాడండి. గిట్‌హబ్‌లో అయితే ఫైళ్ల పేజీ సెట్టింగుల్లో ఖాళీలను దాచే వీలు ఉంది, లేదా చిరునామా చివర డబ్ల్యూ=1 చేర్చవచ్చు. ఆ 400 లైన్ల రణగొణ అణిగిపోయి నిజమైన మూడు లైన్లు మిగులుతాయి. ఇప్పుడు తర్కం చదవండి. మార్పు సరైనదేనా, అవసరమేనా అన్నది తేల్చుకోండి. కోడు ఒక చోటి నుంచి మరో చోటికి జరిగినట్టు అనుమానం వస్తే --కలర్-మూవ్డ్ జోడించండి. జరిగిన భాగం వేరే రంగులో కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు, ఎందుకంటే -డబ్ల్యూ అన్ని ఖాళీలనూ లెక్కలోంచి తీసేస్తుంది. ఒక లైనులో స్పేస్ ఉండి, ఇంకో దాంట్లో అసలే లేకపోయినా రెండూ ఒకటే అంటుంది.

2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఏం జరిగిందో చూడండి. ఎన్‌విడియా డ్రైవరుకు సంబంధించిన ఒక ఫోల్డరును తొలగించాలి. రాయాల్సిన దారి /యూఎస్ఆర్/లిబ్/... అని. స్క్రిప్టులో ఉన్నది ఇది:

ఆర్ఎం -ఆర్ఎఫ్ /యూఎస్ఆర్ /లిబ్/ఎన్‌విడియా-కరెంట్/...

యూఎస్ఆర్ తర్వాత ఒక్క స్పేస్. దాంతో ఒక దారి రెండు దారులైంది. మొదటిది మొత్తం /యూఎస్ఆర్ ఫోల్డరు. ఇన్‌స్టాల్ చేసుకున్నవారి కంప్యూటర్లో సగం వ్యవస్థ తుడిచిపెట్టుకుపోయింది. అలాంటి స్పేసును ఎవరైనా కొత్తగా చేర్చి మీకు పంపితే -డబ్ల్యూ దాన్ని చూపించదు. మార్పే లేదంటుంది.

అందుకే మొదటి చదువుకు కూడా -డబ్ల్యూ కంటే -బీ మంచిదని నా అభిప్రాయం. -బీ స్పేసుల సంఖ్యలో తేడాను పట్టించుకోదు కానీ, స్పేస్ ఉండటానికీ లేకపోవడానికీ తేడా చూస్తుంది. పై లైనును అది దాచదు.

అయితే -బీ కూడా పైథాన్‌లో మిమ్మల్ని కాపాడదు. ఫర్ లూపు లోపల ఇఫ్, దాని కింద రిటర్న్ ట్రూ ఉన్నాయనుకోండి. లూపు పూర్తయ్యాక, ఫంక్షన్ చివర రిటర్న్ ఫాల్స్ ఉంది. ఆ చివరి లైను 4 స్పేసుల నుంచి 8 స్పేసులకు జరిగితే? మొదటి అంశం ఇఫ్ షరతుకు సరిపోకపోతే ఫంక్షన్ వెంటనే ఫాల్స్ ఇచ్చి వెళ్లిపోతుంది. జాబితాలో వంద ఉన్నా చూసేది ఒక్కటే. ఈ మార్పు -డబ్ల్యూకూ కనిపించదు, -బీకీ కనిపించదు. సెట్టింగులు రాసే యామల్ ఫైళ్లలోనూ ఇదే కథ. ఒక కీ రెండు స్పేసులు లోపలికి జరిగితే దాని తండ్రి మారిపోతుంది, ఎవరికో చెందాల్సిన సెట్టింగు మరొకరి కిందికి చేరుతుంది.

సీ, జావా వంటి భాషల్లో బ్రాకెట్లు ఉన్నాయి కదా, ఇండెంటేషన్ అందానికే కదా అనిపిస్తుంది. కంపైలరుకు అవును. చదివే మనిషికి కాదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ భద్రతా కోడులో బయటపడిన ‘గోటు ఫెయిల్’ లోపం సరిగ్గా ఇదే. ఇఫ్ కింద బ్రాకెట్లు లేకుండా గోటు ఫెయిల్ అని ఒక లైను ఉంది. దాని కిందే అదే లైను రెండోసారి, అదే ఇండెంటేషన్‌తో ఉంది. చూపుకు రెండూ ఇఫ్‌కు చెందినట్టే కనిపిస్తాయి. నిజానికి రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. ఆ తర్వాతి సంతకం తనిఖీ జరగకుండానే ఫలితం ‘సరే’ అని వెళ్లిపోయేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలరు ఇలా తప్పుదారి పట్టించే ఇండెంటేషన్‌ను హెచ్చరించడం మొదలుపెట్టింది. -వాల్ పెడితే ఆ హెచ్చరిక దానంతట అదే వస్తుంది. మీ ప్రాజెక్టు తనిఖీల్లో అది లేకపోతే ఈరోజే చేర్చండి.

కాబట్టి రెండో చదువు ఖాళీలు చూపిస్తూ సాగాలి. ఈసారి తర్కం కోసం కాదు, ఖాళీల కోసమే. పైథాన్, యామల్, షెల్ స్క్రిప్టులు, మేక్‌ఫైల్ — ఈ నాలుగింటికీ ఇది తప్పనిసరి. మిగతావాటికి వేగంగా కిందికి జరుపుకుంటూ చూస్తే చాలు.

3. కంటికి కనిపించనివాటిని బయటికి లాగండి

డిఫ్ చూస్తున్నప్పుడు ఒక చిన్న గుర్తు ఉపయోగపడుతుంది. ప్రతి కొత్త లైను ముందు ఒక ప్లస్ గుర్తు ఉంటుంది కదా. టెర్మినల్‌లో ట్యాబుతో మొదలైన లైను ఆ ప్లస్‌ను తనలో కలుపుకుని ఎప్పటిలా 8వ గడి దగ్గరే ఆగుతుంది. ఎనిమిది స్పేసులతో మొదలైన లైను మాత్రం ఒక గడి కుడికి జరుగుతుంది. ఫైలులో సమానంగా కనిపించిన రెండు లైన్లు డిఫ్‌లో ఒక గడి తేడాతో ఉంటే, ఒకదానిలో ట్యాబు, మరోదానిలో స్పేసులు ఉన్నట్టే. అలవాటైన కంటికి ఇది వెంటనే తగులుతుంది.

అనుమానం తీరాలంటే డిఫ్‌ను క్యాట్ కమాండుకు పెద్ద ఏ ఆప్షన్‌తో పంపండి. మ్యాక్‌లో అయితే -ఈటీ. ట్యాబులు ^ఐ అని, లైను చివర $ అని కనిపిస్తాయి. $కు ముందు ఖాళీ ఉంటే అది లైను చివరి స్పేస్. ^ఎం కనిపిస్తే విండోస్ లైను ముగింపు.

ఇవన్నీ కంటితో వెతకడం కంటే ముందు గిట్‌నే అడగండి: గిట్ డిఫ్ --చెక్ మెయిన్...హెడ్. లైను చివరి ఖాళీలు, ఇండెంటేషన్‌లో ట్యాబుకు ముందు దూరిన స్పేసులు, ఫైలు చివర మిగిలిన ఖాళీ లైన్లు, ఆఖరికి తీసేయడం మరిచిపోయిన మెర్జ్ గుర్తులు కూడా లైను నంబరుతో చెబుతుంది. ప్రాజెక్టులో ట్యాబులు నిషిద్ధమైతే కోర్.వైట్‌స్పేస్ సెట్టింగులో ట్యాబ్-ఇన్-ఇండెంట్ చేర్చండి, అవీ పట్టుబడతాయి.

మేక్‌ఫైల్ (బిల్డ్ చేసే మేక్ ప్రోగ్రాముకు ఆదేశాలిచ్చే ఫైలు) గురించి ఒక మాట. అందులో ఆదేశాల లైన్లు ట్యాబుతోనే మొదలవ్వాలి. స్పేసులు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసిన స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ఈ ఇబ్బందిని తొలినాళ్లలోనే గుర్తించారు. అప్పటికే డజను మంది వాడుతున్నారని, వాళ్లకు ఇబ్బంది కలగకూడదని మార్చకుండా వదిలేశారు. ఆ డజను మంది సౌకర్యానికి ప్రపంచం ఇంకా మూల్యం చెల్లిస్తూనే ఉంది.

4. ఫైలంతా మారినట్టు కనిపిస్తే లైను ముగింపులు చూడండి

గిట్ డిఫ్ --స్టాట్‌లో చేర్పులూ తొలగింపులూ సరిసమానంగా, ఫైలు పొడవంత ఉంటే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. విండోస్ ఎడిటర్ ప్రతి లైను చివరా ఒక అదనపు అక్షరం చేర్చింది. --ఇగ్నోర్-సీఆర్-ఎట్-ఈఓఎల్ పెట్టి చూస్తే గోల తగ్గుతుంది. గిట్ ఎల్ఎస్-ఫైల్స్ --ఈఓఎల్ ఏ ఫైలు ఏ ముగింపుతో ఉందో జాబితా ఇస్తుంది.

పంపినవారిని తప్పుపట్టడం దండగ, వాళ్లకు తెలిసి చేసింది కాదు. రిపాజిటరీలో .గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, అన్ని ఫైళ్లకూ టెక్స్ట్=ఆటో అని రాయండి. పాత ఫైళ్లను గిట్ యాడ్ --రీనార్మలైజ్‌తో ఒకసారి సరిచేసి వేరే కమిట్‌గా (విడిగా నమోదైన మార్పుగా) పెట్టండి. సమస్య మూలానికే పోతుంది.

5. తీసేయకూడని ఖాళీలను గుర్తుపట్టండి

ఖాళీలు శుభ్రం చేశామంటూ వచ్చే ప్యాచ్‌లను ఇంకాస్త అనుమానంగా చూడాలి. మార్క్‌డౌన్‌లో లైను చివరి రెండు స్పేసులు కొత్త లైనుకు గుర్తు. అవి తీసేస్తే చిరునామా, పద్యం, ఏదైనా సరే ఒకే పేరాగా కలిసిపోతుంది. టెస్టుల కోసం దాచిన నమూనా ఫలితాల్లో చివరి ఖాళీలు ఉద్దేశపూర్వకంగా ఉండవచ్చు. వాటిని ముట్టుకుంటే టెస్టులు విరుగుతాయి. .ఎడిటర్‌కాన్ఫిగ్‌లో ఎండీ ఫైళ్లకు మాత్రం చివరి ఖాళీల కత్తిరింపు ఆపేసుకోవచ్చు.

తెలుగు అనువాదాలు ఉన్న ప్రాజెక్టుల్లో ఇంకొక ప్రమాదం ఉంది, దీన్ని మనం తప్ప ఎవరూ పట్టుకోరు. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ అని విడివిడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉండాలి. అది పోతే ‘సాఫ్ట్వేర్’, ‘ఫేస్బుక్’ అని ఒత్తులు అతుక్కుపోతాయి. 2021లో ‘ట్రోజన్ సోర్స్’ పరిశోధన వచ్చినప్పటి నుంచి కనిపించని యూనికోడ్ అక్షరాలంటే అందరికీ భయం పట్టుకుంది. ఆ భయం న్యాయమైనదే: రాత దిశను మార్చే అక్షరాలతో కోడు ఒకలా కనిపించి మరోలా నడిచేలా చేయవచ్చని కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. కానీ కనిపించని అక్షరాలన్నింటినీ ఊడ్చేసే స్క్రిప్టు అనువాదాల ఫోల్డరు మీద నడిస్తే తెలుగు పాడవుతుంది. కోడు ఫైళ్లలో నిషేధించండి, అనువాదాల ఫైళ్లను మినహాయించమని అడగండి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే విరగని స్పేసు మాత్రం కోడులో ఎక్కడా ఉండకూడదు. చూడటానికి మామూలు స్పేసులాగే ఉంటుంది కానీ, షెల్ దాన్ని ఖాళీగా గుర్తించదు.

6. సర్దుబాటునూ సవరణనూ విడదీయమనండి

తర్కం మార్పు, ఇండెంటేషన్ మార్పు ఒకే కమిట్‌లో ఉంటే విడదీయమని అడగడం మీ హక్కు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. కెర్నెల్ నియమం ఇంకా కచ్చితంగా ఉంటుంది: కోడును ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు జరిపే ప్యాచ్‌లో ఆ కోడును అసలు మార్చకూడదు. జరిపిన తర్వాత మార్చాలనుకుంటే మరో ప్యాచ్.

ఇది చాదస్తం కాదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రాజెక్టులో రహస్య దొడ్డిదారి బయటపడినప్పుడు, దాని బిల్డ్ ఫైలులో ఒక ఒంటరి చుక్క దొరికింది. పరీక్ష కోసం కంపైల్ చేసే చిన్న కోడు ముక్కలో, ఒక లైనులో చుక్క ఒక్కటే ఉంది. దానివల్ల ఆ ముక్క ఎప్పటికీ కంపైల్ కాదు, ల్యాండ్‌లాక్ అనే లినక్స్ రక్షణ అందుబాటులో లేదని బిల్డ్ తీర్మానించుకుంటుంది. అంత చిన్నదాన్ని వందల లైన్ల సర్దుబాటు మధ్య ఎవరు పట్టుకుంటారు? మార్పు చిన్నదిగా ఉంటేనే చుక్క కనిపించే అవకాశం ఉంటుంది.

విడదీయడం తెలియని కొత్తవారికి దారి చూపండి: గిట్ యాడ్ -పీతో తర్కం ముక్కలు మాత్రమే ఎంచుకుని మొదటి కమిట్ చేయవచ్చు. సీ ప్రాజెక్టుల్లో గిట్ క్లాంగ్-ఫార్మాట్ మారిన లైన్లను మాత్రమే సర్దుతుంది కాబట్టి ఫైలంతా కదలదు.

కేవలం ఖాళీల సర్దుబాటు కోసమే వచ్చిన ప్యాచ్ అయితే? మామూలుగా వద్దనండి. నడుస్తున్న పాత కోడును అందం కోసం కదిలిస్తే చరిత్ర చెదురుతుంది, ఇతరుల పెండింగ్ ప్యాచ్‌లు ఢీకొంటాయి. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు? 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోత్సాహక కార్యక్రమం ఇచ్చే టీషర్టు కోసం అర్థంలేని చిన్న మార్పులు వెల్లువెత్తడంతో, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చాల్సి వచ్చింది.

7. వ్యాఖ్య ఒక్కటే రాయండి

పదిహేను చోట్ల ఒకే తప్పు ఉంటే ఒకచోట చూపించి ‘మిగతా చోట్ల కూడా’ అంటే చాలు. ఏది తప్పనిసరో ఏది మీ ఇష్టమో విడదీసి చెప్పండి. ఇలా ఉంటే బాగుంటుంది:

‘ఈ ఫైలు ట్యాబులతో ఉంది, కొత్త లైన్లలో స్పేసులు వచ్చాయి. మీరు వీఎస్ కోడ్ వాడుతుంటే ఎడిటర్‌కాన్ఫిగ్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, ఇకపై దానంతట అదే సరిపోతుంది. 42వ లైనులోని రిటర్న్ లూపు బయట ఉండాలనుకుంటున్నాను, ఒకసారి చూడండి. అది తప్ప మార్పు బాగుంది.’

ఇందులో మొదటిది అలవాటు, రెండోది అసలు లోపం. రెండూ ఒకే గొంతుతో చెబితే చదివేవారికి ఏది ముఖ్యమో తెలియదు. మిగిలింది ఒకటి రెండు చివరి స్పేసులే అయితే మళ్లీ తిప్పి పంపకండి, మెర్జ్ చేసేటప్పుడు మీరే తీసేయండి. మెయిల్‌లో ప్యాచ్‌లు తీసుకునే ప్రాజెక్టు అయితే గిట్ ఏఎం --వైట్‌స్పేస్=ఫిక్స్ ఆ పని చేస్తుంది. అక్కడ ట్యాబులన్నీ స్పేసులై వచ్చాయంటే తప్పు పంపినవారి ఎడిటర్‌ది కాకపోవచ్చు, మెయిల్ ప్రోగ్రాందే కావచ్చు. గిట్ సెండ్-ఈమెయిల్ వాడమనండి.

8. ఇదే వ్యాఖ్య మళ్లీ రాయాల్సి వస్తే పనిని యంత్రానికి ఇవ్వండి

ఫార్మాటరును తనిఖీల్లో పెట్టండి: పైథాన్‌కు బ్లాక్, జావాస్క్రిప్టుకు ప్రెటియర్, రస్ట్‌కు రస్ట్‌ఫ్మ్ట్. ఫలితం నచ్చకపోయినా ఒప్పుకోండి. మెషిన్‌తో ఎవరూ గొడవపడరు, మీతో పడతారు. అలాగని లింటర్ (తప్పులు వెతికే తనిఖీ పరికరం) మాటే వేదమని కాదు. చెక్‌ప్యాచ్ సూచన మాత్రమేనని, మనిషి వివేచనకు బదులు కాదని కెర్నెల్ పత్రాలే చెబుతాయి.

ఫార్మాటర్ పెట్టిన రోజు రిపాజిటరీ మొత్తాన్ని ఒకేసారి సర్దాల్సి రావచ్చు. పెండింగ్ పుల్ రిక్వెస్ట్‌లు తక్కువగా ఉన్నప్పుడు, కొత్త విడుదల అయిన వెంటనే చేయండి. దానివల్ల, ఏ లైనును చివరగా ఎవరు మార్చారో చెప్పే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైనుకూ మీ పేరే కనిపించే ఇబ్బందికి మందు గిట్ 2.23 నుంచి ఉంది: ఆ కమిట్ సంఖ్యను .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైలులో రాస్తే బ్లేమ్ దాన్ని దాటేసి అసలు రచయితను చూపిస్తుంది. గిట్‌హబ్ ఆ ఫైలును తనంతట తానే చదువుతుంది. మీ కంప్యూటర్లో మాత్రం బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ సెట్టింగు ఒకసారి పెట్టుకోవాలి. సంఖ్య పూర్తిగా, 40 అక్షరాలూ రాయాలి. స్క్వాష్ చేసి (కమిట్లన్నీ ఒకటిగా కలిపి) మెర్జ్ చేస్తే ఆ సంఖ్య మారిపోతుంది కాబట్టి, మెర్జ్ అయ్యాక మెయిన్‌లో కనిపించే సంఖ్యను తీసుకుని, తర్వాతి కమిట్‌లోనే చేర్చండి.